కర్ణాల మధ్య నాలుగు మిల్లీమీటర్లు

రెండు తలుపుల చెక్క బీరువా ఏదైనా సరే, తలుపులు మూసి, పైన మధ్యలో అవి రెండూ కలిసేచోట ఒకసారి చూడండి. చాలా బీరువాల్లో ఒక తలుపు అంచు పక్కదానికంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంటుంది. హింజ్‌లు సరిగా బిగించలేదని ఒకరంటారు, తలుపు కోతే తప్పిందని ఇంకొకరంటారు. తలుపులు విప్పి కొలిస్తే రెండూ సమానంగానే ఉంటాయి. అసలు లోపం వాటి వెనకున్న డబ్బాలో ఉంటుంది. అది మూలమట్టానికి లేదు, అంటే దాని మూలలు తొంభై డిగ్రీలకు లేవు, అంతే.

ఇంట్లో సొంతంగా బీరువా చేసుకోవాలనుకునేవాళ్లు టేకా ప్లైవుడ్డా, ఏ కంపెనీ మైకా, ఏ రంగు అన్నదాని మీద వారాలు గడుపుతారు. డబ్బా బిగించేటప్పుడు కర్ణాలు, అంటే ఎదురెదురు మూలల మధ్య దూరాలు, కొలవడానికి పట్టే రెండు నిమిషాలు మాత్రం వదిలేస్తారు. నా వాదన అంతా దీని మీదే. మొదటి బీరువాకు ప్లైవుడ్ తీసుకోండి, షీటు ఎంత ఉందో దాన్నిబట్టి కొలతలు వేసుకోండి, మిగిలిన శ్రద్ధంతా నాలుగు మూలల మీద, వెనక పలక మీద పెట్టండి. పై మెరుగు తర్వాత ఎప్పుడైనా మార్చుకోవచ్చు. జిగురు ఆరిపోయిన మూల మారదు.

టేకు మీద మనవాళ్లకున్న ఇష్టం తప్పేం కాదు. చేవ ఉన్న టేకును చెద తొందరగా ముట్టదు, చిత్రిక పడితే అద్దంలా వస్తుంది. కానీ ఏ చెక్కయినా కోసి ఆరబెట్టాక కూడా కదులుతూనే ఉంటుంది. గాలిలో తేమ పెరిగితే అడ్డంగా ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. పొడుగునా మాత్రం దాదాపు కదలదు. 400 మి.మీ. వెడల్పున్న టేకు పలకలో తేమ 4 శాతం మారితే వెడల్పు 3 మి.మీ. దాకా మారవచ్చు. వానాకాలానికీ ఎండాకాలానికీ మధ్య ఆ మాత్రం తేడా మన ఊళ్లలో వింతేమీ కాదు. ఆ పలకను నాలుగు వైపులా జిగురు పెట్టి స్క్రూలతో బంధించేస్తే ఎటూ కదల్లేక నిలువునా పగులుతుంది. పాత టేకు బీరువాల తలుపులు అందుకే ఒకే పలకతో ఉండవు. చుట్టూ చట్రం ఉంటుంది. దాని మూలలు కుసి, బెజ్జం పద్ధతిలో, అంటే ఒక కర్ర చివర చెక్కిన నాలుక ఇంకో కర్ర రంధ్రంలో దూరేలా, కలుస్తాయి. మధ్య పలక చట్రం గాడిలో జిగురు లేకుండా వదులుగా కూర్చుంటుంది. పలక ఉబ్బినా ముడుచుకున్నా గాడి లోపలే సర్దుకుంటుంది. చాలా గొప్ప పని అది, నేర్చుకోదగ్గది. కానీ దానికి పదునైన ఉలి, అలవాటైన చెయ్యి, బాగా ఆరిన కలప మూడూ కావాలి. అడితిలో ‘ఆరిన కర్రే’ అని చెప్పి ఇచ్చినది నిజంగా ఎంత ఆరిందో తేమ మీటరు పెడితే తప్ప తెలియదు. మొదటి బీరువా మీద అంత బరువు మోపకండి.

ప్లైవుడ్‌లో పొరలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా, నిలువుగా మార్చి అతికిస్తారు. ఒక పొర ఉబ్బబోతే పక్క పొర పట్టి ఆపుతుంది. అందువల్లే వెడల్పు పెద్దగా మారదు. కొత్తగా చేసేవాళ్లకు ఇంతకంటే మేలు చేసే గుణం ఇంకొకటి లేదు. మీరు ఒకసారి సాధించిన మూలమట్టాన్ని ఆ చెక్క అలాగే నిలబెడుతుంది.

కొనేటప్పుడు షీటు మీద ముద్ర చూడండి. ఐఎస్ (భారత ప్రమాణం) 303 మామూలు ఫర్నిచర్ ప్లైవుడ్‌కు, ఐఎస్ 710 మెరైన్ ప్లైవుడ్‌కు. 303లో ఎంఆర్ (మాయిశ్చర్ రెసిస్టెంట్) రకం తేమను ఓర్చుకుంటుంది గానీ నీళ్లలో నానితే ఆగదు. దాని పొరలను పట్టి ఉంచే యూరియా జిగురు నీటికి లొంగిపోతుంది. ఐఎస్ 710 రకంలో ఫినాల్ జిగురు వాడతారు, నమూనా ముక్కను 72 గంటలు ఉడికించి పరీక్షిస్తారు. పడకగదిలో పెట్టే బీరువాకు ఎంఆర్ చాలు. వంటింట్లోనో, స్నానాలగది గోడకు ఆనించో, సముద్రం దగ్గరి ఊళ్లోనో అయితే 710 తీసుకోండి. ముద్రను నమ్మి ఊరుకోకుండా షీటు అంచు నాలుగు వైపులా చూడండి. పొరల మధ్య ఖాళీలుంటే సరిగ్గా అక్కడే స్క్రూ పట్టు వదిలేస్తుంది. వేలి కణుపుతో అక్కడక్కడా తట్టండి, లోపల డొల్లగా ఉంటే శబ్దంలో తెలిసిపోతుంది. ఒక కన్ను మూసి అంచు వెంట చూస్తే వంపు కనిపిస్తుంది. చివరగా మందం కొలవండి. 18 మి.మీ. అని అమ్మేది చాలాసార్లు పదిహేడూ చిల్లరే ఉంటుంది. ఆ తేడా మీ లెక్కలన్నిటిలోకీ పాకుతుంది. ఇంటికి తెచ్చాక షీటును గోడకు ఏటవాలుగా ఆనించి వారాలపాటు ఉంచకండి, పడుకోబెట్టండి. రంపపు పొట్టు నొక్కి చేసే పార్టికిల్ బోర్డు జోలికి వెళ్లకండి. అందులో ఒకసారి తీసిన స్క్రూ మళ్లీ పట్టదు.

ఇక కొలతలు. 18 మి.మీ. మందం, 8×4 అడుగుల షీటు, అంటే 2440×1220 మి.మీ., ఒక్కటే తీసుకుని పూర్తి డబ్బా చేయవచ్చు. షీటును పొడుగునా 400 వెడల్పున మూడు పట్టీలుగా కోయించండి. ఒక్కో కోతకు రంపం 3 మి.మీ. తింటుంది. మూడు పట్టీలకు 1200, మధ్య కోతలకు 6 పోగా 14 మిగులుతుంది. దెబ్బతిన్న అంచు చెక్కడానికి అది సరిపోతుంది. మొదటి రెండు పట్టీల్లో ఒక్కోదాని నుంచి 1800 పొడుగు పక్క పలక ఒకటి, 620 పొడుగు అడ్డపలక ఒకటి వస్తాయి. మూడో పట్టీలో 620వి మూడు వస్తాయి. మొత్తం రెండు పక్కలు, ఐదు అడ్డపలకలు. అడుగుకు ఒకటి, పైకప్పుకు ఒకటి పోను మధ్యలో మూడు, అంటే నాలుగు అరలు. మూడో పట్టీ చివర దాదాపు 570 ముక్క మిగులుతుంది, పారేయకండి, పనుంది. పక్కలు బయటి నుంచి మూసేలా, అడ్డపలకలు వాటి మధ్య కూర్చునేలా చేస్తే బయటి వెడల్పు 620కి రెండు మందాలు కలిపినంత, అంటే 656. మీ షీటు 17.5 ఉంటే 655. లెక్క ఎప్పుడూ లోపలి వెడల్పు నుంచి మొదలుపెట్టమనేది ఇందుకే. అడ్డపలకలు షీటు పొడుగు దిశలోనే వస్తాయి కాబట్టి పై పొర రేఖ (చెక్క నారల దిశ) కూడా పలక పొడుగునా ఉండి బరువు బాగా మోస్తుంది.

వెడల్పు ఇంకాస్త పెంచి 900 చేద్దామనిపిస్తుంది. అర మీద పుస్తకాలు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పేర్చితే వంగడం పొడుగుకు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 620 నుంచి 900కి పోతే అదే మందం పలక దాదాపు నాలుగున్నర రెట్లు వంగుతుంది. ఏడాది గడిచేసరికి ఆ వంపు శాశ్వతమవుతుంది. 900 కావాలంటే మధ్యలో నిలువు పలకైనా వెయ్యండి, లేదా ప్రతి అర ముందంచు కింద 40 మి.మీ. టేకు రీపు నిలువుగా అతికించండి. చీరలు, లుంగీలు, తువాళ్లు, పుస్తకాలు పెట్టుకునే బీరువాకు 400 లోతు సరిపోతుంది. హ్యాంగర్లకు వేలాడదీసే బట్టలకైతే 560 తగ్గకూడదు. దానికి షీటు లెక్క వేరే వేసుకోవాలి.

కోత ఇంట్లో కోయాలా, దుకాణంలో కోయించాలా అన్న ప్రశ్నకు నాది ఒకటే జవాబు. ప్యానెల్ రంపం ఉన్న దుకాణంలో కోయించండి. అలా చేస్తే సొంతంగా చేసినట్టు ఎలా అవుతుందని కొందరు పట్టుబడతారు. 2440 పొడుగున ఒక్క గీత మీద నిటారుగా కోయడం యంత్రం పని. దాన్ని చేత్తో చేసి చూపినందువల్ల బీరువాకు ఒరిగేదేమీ లేదు. గ్రానైట్ కోసే నాలుగంగుళాల మెషీనుకు చెక్క బ్లేడు తగిలించి కోయడం మన దగ్గర మామూలైపోయింది. చెక్క బ్లేడును నొక్కేసినప్పుడు ఆ మెషీను చేతిలోంచి వెనక్కి ఎగదన్నుతుంది, ఆపడానికి దానిలో ఏ ఏర్పాటూ లేదు. అలవాటు లేనివాళ్లు దాన్ని ముట్టుకోవద్దు.

కోసిన ముక్కలు ఇంటికొచ్చాక టేపు పక్కన పెట్టి ముక్కల్ని ముక్కలతోనే పోల్చండి. ఐదు అడ్డపలకలూ ఒకదాని మీద ఒకటి పేర్చి, ఒక చివర నేల మీద ఆనించి నిలబెట్టి, రెండో చివర అరచేత్తో తడమండి. ఐదూ 619 ఉన్నా బీరువాకేం కాదు. నాలుగు 620 ఉండి ఒక్కటి 618 ఉంటే మాత్రం ఆ అర దగ్గర పక్క పలక లోపలికి లాగుకుంటుంది, ఆ వంకర తలుపు దగ్గర బయటపడుతుంది. తేడా ఉంటే ఐదింటినీ కలిపి క్లాంపులు బిగించి ఒకేసారి చిత్రిక పట్టండి. మీ మూలమట్టాన్ని కూడా పరీక్షించాలి. షీటు నిటారు అంచుకు ఆనించి ఒక గీత గీయండి, మూలమట్టాన్ని తిరగేసి అదే బిందువు నుంచి ఇంకో గీత గీయండి. రెండు గీతలూ కలిసిపోతే మంచిది. విడిపోతే, కనిపించే ఖాళీలో సగం ఆ మూలమట్టం తప్పు.

అరల గుర్తులకు పక్క పలకలు రెండూ వెనకంచులు తాకేలా పక్కపక్కన పరిచి, రెండింటి మీదుగా ఒకే గీత గీయండి. విడివిడిగా కొలిచి గీస్తే ఎక్కడో ఒకచోట తేడా వచ్చి తీరుతుంది. బిగించేటప్పుడు గీతల మీద కూడా ఆధారపడక్కర్లేదు. ఇందాక దాచిన 570 ముక్కను 427 పొడుగున రెండు పట్టీలుగా కోసి పెట్టుకోండి. అడుగు పలక మీద ఆ రెంటినీ నిలబెట్టి, వాటి మీద తర్వాతి అర ఆనించి బిగించి, పట్టీలు పైకి జరుపుకుంటూ పోతే మూడు అరలూ కచ్చితంగా వస్తాయి. పై అర మాత్రం 429 అవుతుంది, కంటికి తెలియదు.

ప్లైవుడ్ అంచులోకి స్క్రూ దింపడం అంటే పొరల మధ్య మేకు దిగ్గొట్టడం లాంటిదే. ముందు చిల్లు లేకుండా దింపితే పొరలు విడిపోతాయి, అంచు ఉబ్బుతుంది, పట్టు పోతుంది. 4×50 మి.మీ. స్క్రూకు 3 మి.మీ. ముందు చిల్లు వెయ్యండి. పక్క పలక బయటి వైపు స్క్రూ తల మునిగేలా కాస్త గుంట తీయండి. ఒక్కో చివరకు మూడు స్క్రూలు, ముందంచు నుంచి 50, 200, 350 దూరాల్లో. ఐదు పలకలకు మొత్తం ముప్పై. జిగురు అంచుకు ఒకసారి రాస్తే చెక్క పీల్చేస్తుంది. రెండు నిమిషాలాగి రెండోసారి రాయండి. లోపలి మైకాను ముందే అతికించేసిన పలకకు అడ్డపలకను జిగురుతో కలపాలనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఆ నున్నటి ముఖాన్ని ఫెవికాల్ పట్టుకోదు, అతుకు మొత్తం స్క్రూల మీదే వేలాడుతుంది. లోపలికి మైకా వద్దనే నా సలహా. 120, తర్వాత 180, తర్వాత 220 నెంబరు గరుకు కాగితంతో రుద్ది, సీలర్ ఒకటి, పీయూ (పాలీయూరిథేన్) పాలిష్ రెండు పూతలు వేస్తే చాలు.

స్క్రూలు మొదట పూర్తిగా బిగించకండి. డబ్బాను చదునైన నేల మీద వెల్లకిలా కాకుండా ముఖం కిందికి ఉండేలా, అంటే వెనక భాగం పైకి వచ్చేలా పడుకోబెట్టి కర్ణాలు కొలవండి. బయటి మూల నుంచి ఎదురు మూలకు, రెండు వైపులా. 1800×656 డబ్బాకు కర్ణం 1916 దగ్గర రావాలి. అయితే ఆ అంకెకంటే ముఖ్యం రెండు కర్ణాలూ సమానంగా ఉండటం. ఒకటి 1914, ఇంకొకటి 1918 వచ్చిందనుకోండి. నాలుగు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. ఇంత పొడుగ్గా, ఇరుగ్గా ఉన్న డబ్బాలో ఆ నాలుగు చాలా దాచిపెడుతుంది. పై భాగం అడుగుతో పోలిస్తే దాదాపు 6 మి.మీ. పక్కకు ఒరిగి ఉందని దాని అర్థం. ఆ ఒరుగుతో పాటే హింజ్‌లున్న పక్క పలకలూ ఒరుగుతాయి, వాటితో తలుపులు కూడా. ఎడమ తలుపు లోపలంచు ఒక మిల్లీమీటరు దిగుతుంది, కుడి తలుపు లోపలంచు ఒక మిల్లీమీటరు లేస్తుంది. మధ్యలో కలిసేచోట రెండు మిల్లీమీటర్ల మెట్టు. మొదట్లో చూడమన్నది దాన్నే.

సరిచేయడం తేలిక, జిగురు తడిగా ఉన్నంతసేపే. ఏ కర్ణం పొడుగ్గా ఉందో దాని రెండు మూలలకు తాడు కట్టి, మధ్యలో కర్ర పెట్టి మెలితిప్పండి. సన్నగా మెలిక పడేకొద్దీ ఆ కర్ణం తగ్గుతుంది, ఎదుటిది పెరుగుతుంది. తేడాలో సగం తగ్గితే రెండూ సమానమవుతాయి. వదిలితే కాస్త వెనక్కి వస్తుంది కాబట్టి వెంటనే వెనక పలక బిగించాలి. రేపు చూద్దాం అనుకుంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

వెనక పలక విషయంలో పొదుపు చెయ్యకండి. మొత్తం బీరువాలో అతి చవకైన చెక్క అదే, కానీ డబ్బా ఒరగకుండా జీవితాంతం పట్టుకునేది కూడా అదే. 4 మి.మీ. పలకను నాలుగు మేకులతో తగిలించి వదిలేస్తే పట్టుకునేదేమీ ఉండదు. బీరువాను ఒక్కసారి జరిపితే మూలలు వదులవుతాయి. 6 మి.మీ. ప్లైవుడ్‌ను 1796×652 కోయించి, అంచు వెంట జిగురు రాసి, ముందు ఒక నిలువు అంచును మాత్రమే స్క్రూలతో పట్టించండి. కర్ణాలు మళ్లీ కొలవండి. సరిపోయాక మిగతా మూడు అంచులు, 150 మి.మీ.కు ఒక 25 మి.మీ. స్క్రూ చొప్పున. ప్రతి అర వెనకంచుకూ మూడేసి. మొత్తం నలభై దాటతాయి, విసుగు పుడుతుంది, అయినా ఒక్కటీ మానకండి. ఇప్పుడు పక్కల స్క్రూలు పూర్తిగా బిగించి, రాత్రంతా అలాగే చదునుగా వదిలేయండి.

తలుపులకు 18 మి.మీ. 6×3 అడుగుల షీటు ఒకటి చాలు. 1796×326 తలుపులు రెండు వస్తాయి, మధ్యలో 3 మి.మీ. సందు. ఇంత ఎత్తు తలుపు మామూలు ప్లైవుడ్‌లో కొన్నిసార్లు విల్లులా వంగుతుంది. పైన్ రీపులతో చేసిన బ్లాక్‌బోర్డు నిటారుగా నిలుస్తుంది, దొరికితే అదే తీసుకోండి. తలుపు వంగడానికి ఇంకో పెద్ద కారణం బయటి ముఖానికి మాత్రమే మైకా వేయడం. ఒక వైపు తేమ లోపలికి పోదు, రెండో వైపు పోతుంది, చెక్క ఒకవైపే ఉబ్బి వంగుతుంది. బయట 1 మి.మీ. మైకా వేస్తే లోపల 0.8 లైనర్ (లోపలి వైపు వేసే పలచటి మైకా) వేసి తీరాలి, రెండూ ఒకే రోజు.

కప్ హింజ్‌కు 35 మి.మీ. గుండ్రటి గుంట, 12 మి.మీ. లోతు, కేంద్రం తలుపు అంచు నుంచి 22.5. మిగిలేది 6 మి.మీ. చెక్కే కాబట్టి డ్రిల్ బిట్‌కు టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోండి, లేకపోతే బయటి మైకా మీద బుడిపె లేస్తుంది. ఈ ఎత్తుకు తలుపుకు నాలుగు హింజ్‌లు, పై నుంచి 100, 632, 1164, 1696 దగ్గర. ఈ లెక్కలో అరల చివరలకు ఏ హింజూ తగలదు. అరలు మీరు మార్చుకుంటే దీన్ని మళ్లీ చూసుకోవాలి.

పీఠం విడిగా, 80 మి.మీ. ఎత్తున చెయ్యండి. మన ఇళ్లలో పండగొస్తే గది బకెట్లతో కడుగుతారు, నీళ్లు తూము వైపు పోయేలా నేల కాస్త వాలుగా కూడా ఉంటుంది. ఆ రెండూ బీరువాకు శత్రువులే. పీఠాన్ని ప్లైవుడ్‌తో కాకుండా పీవీసీ ఫోమ్ బోర్డుతోనో గ్రానైట్ పట్టీలతోనో చేస్తే నీళ్ల గొడవ పోతుంది. వాలు కోసం ముందు పీఠం మీద రసమట్టం పెట్టి, పల్లంగా ఉన్న మూల కింద పలచటి ముక్కలు దూర్చి సమం చేసి, ఆ తర్వాతే డబ్బాను ఎక్కించండి. కర్ణాలు సమానంగా ఉన్న డబ్బా కూడా వంకర నేల మీద పెడితే కాస్త మెలి తిరుగుతుంది, తలుపుల్లో ఒకటి పైన ఆనుతుంది, కింద ఆనదు. గోడకు చెమ్మ ఉంటే వెనక 20 మి.మీ. ఖాళీ వదలండి. పై అరలో రెండు ఎల్ బ్రాకెట్లతో గోడకు బిగించడం మాత్రం తప్పనిసరి. 400 లోతున్న బీరువా తలుపులు రెండూ తెరిచి, కింది అర పట్టుకుని పిల్లాడు ఎక్కితే ముందుకు పడిపోతుంది.

హింజ్ మీద ఒక స్క్రూ తలుపును పక్కకు, ఇంకొకటి ముందుకు వెనక్కి జరుపుతుంది. హింజ్‌ను పక్క పలకకు పట్టి ఉంచే ప్లేటు స్క్రూలు వదులు చేస్తే పైకి కిందికి జరుగుతుంది. పక్కకు జరిగేది రెండు మిల్లీమీటర్ల దాకానే. ఒరిగిన డబ్బాను ఈ స్క్రూలతో కప్పిపుచ్చే ప్రయత్నం చేస్తే, మధ్యలో మెట్టు పోయి బయటి అంచు వెంట సందు పైన ఒకలా, కింద ఇంకోలా తయారవుతుంది. అవి చిన్న చిన్న సర్దుబాట్లకే. బట్టలు నిండా సర్దాక తలుపులు మళ్లీ ఒకసారి సరిచూడండి. మొదటి వానాకాలం మధ్యలో ఇంకోసారి చూడండి, అప్పుడు పై రెండు హింజ్‌ల స్క్రూలను సాధారణంగా పావు చుట్టు తిప్పితే సరిపోతుంది.